పొగ కొలిచే పెట్టె

తులసమ్మ పుట్టిల్లు నిమ్మనపల్లె. పుంగనూరు పక్క పల్లెకు కోడలిగా వచ్చిన మర్నాడే పొయ్యి ముందు కూర్చుంది. ఆ ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. పురుగులు ఆకు తినేసి వదిలిన మల్బరీ పుల్లలే వాళ్లకు వంట కట్టెలు. వాటిమీద సంగటి కెలికి కెలికి తులసమ్మకు దగ్గు పట్టుకుంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం.

గ్యాసు పొయ్యి పెట్టించమని మొగుడు చెంగల్రాయుణ్ని అడగని నెల లేదు. చెడ్డవాడేం కాదు, మొండివాడు. ఒకసారి మదనపల్లె ఆసుపత్రిలో ఆమె కఫం పరీక్ష చేయించాడు. క్షయ లేదన్నారు. అంతే, ఆమె దగ్గు ఉత్త నాటకమని తీర్మానించుకున్నాడు. వాళ్లమ్మ అదే పొయ్యి ముందు ముసలిదయిందట. ఆమె ఎంత దగ్గిందో ఈ మహానుభావుడు ఏనాడైనా విన్నాడా?

రెండు వేల నాలుగులో కుప్పం నుంచి ఆరోగ్య సర్వేవాళ్లు వచ్చారు. వాళ్లలో రేఖ అనే అమ్మాయి తులసమ్మ నడుముకు చిన్న పెట్టె కట్టింది. అందులోంచి ఒక గొట్టం భుజం దాకా వచ్చింది, దాని కొసన తెల్లటి కాగితం బిళ్ల. మనిషి పీల్చే గాలినే అదీ పీలుస్తుందనీ, అందులోని పొగ ఆ బిళ్లకు పడుతుందనీ, దాన్ని తూకం వేస్తామనీ చెప్పింది. ఖరీదైన మిషను, జాగ్రత్త అని కూడా అంది. తన బాధను తూచేవాళ్లు వచ్చారని తులసమ్మ ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు బిళ్ల తీసి చూస్తే మల్లెపువ్వంత తెల్లగా ఉంది. చెంగల్రాయుడు మీసం దువ్వాడు.

“సూస్తివా? మిషనే సెప్తాండాది. ఈడ పొగా లేదు, జబ్బూ లేదు.”

తులసమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. రేఖకు అనుమానం వచ్చి, వంట చేసేటప్పుడు పెట్టెను విప్పేశావా అని అడిగింది.

“లేదు పాపా. ఎరవు తెచ్చుకున్న గిన్నెనైనా తోమి ఇచ్చేది మా పద్ధతి. మీ సొమ్ముకు మసి పడితే ఎట్ల? పొయ్యి కాడికి పోయినప్పుడంతా ఆ బిళ్లకు పైట మడిచి అడ్డం పెట్టుకొంటి.”

తన ముక్కుకు మాత్రం ఏ అడ్డమూ పెట్టుకోలేదు తల్లి!

రేఖకు నవ్వొచ్చింది గానీ ఆ మొహం చూసి ఆపుకుంది. మసి పట్టడానికే ఇచ్చామని, ఏమీ కప్పొద్దని చెప్పి కొత్త బిళ్ల పెట్టి వెళ్లింది. తులసమ్మ ఎప్పటిలాగే వండింది, ఊదింది, దగ్గింది.

ఈసారి బిళ్ల పెనం అడుగులా వచ్చింది. రేఖ దాన్ని చెంగల్రాయుడి ముందుకు పట్టింది. అతను దగ్గరికి వంగి చూశాడు.

“ఇదంతా ఈమె లోపలికి పోతాండాదా?” అన్నాడు గొంతు తగ్గించి.

రేఖ తలూపింది. అతను కండువా భుజాన వేసుకుని, గ్యాసుకు రాయించి వస్తానని లేచాడు. తులసమ్మ సంతోషిస్తుందనుకున్నాడు కాబోలు, గడపలో నిలబడి వెనక్కి చూశాడు. ఆమెకు సంతోషం కాదు, ఒళ్లంతా కోపం.

“ఇన్నేండ్లు నేను దగ్గితే నమ్మకపోతివి. కాగితం ఒగనాడు నల్లబడితే నమ్మితివి,” అంది.