తగ్గేలోపు బడి అయిపోతుంది

ఈ ఉదయం పలాస ఆసుపత్రిలో మా గది బయట బెంచీ మీద నుంచి ఒక చప్పుడు వినిపించింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, చిన్న కుక్కపిల్ల దగ్గినట్టు ఉంది. కాసేపు ఆగి మళ్లీ వచ్చింది. వెంటనే ఒక తల్లి కసిరింది. "ఊరుకోవే, అందరూ సూత్తన్నారు." తలుపు తీయకముందే నాకు విషయం అర్థమైంది. చిన్నప్పుడు ఆ చప్పుడు నా గొంతులోంచే వచ్చేది. దాంతోపాటే డాక్టర్ హైమవతి గారు గుర్తొచ్చారు. ఆమె పోయి ఏడాది దాటింది.

మాది ఉద్దానంలో జలంత్రకోట. కొబ్బరి, జీడితోటలున్న కుటుంబం. నేను ఐదో తరగతిలో ఉండగా కళ్లు ఊరికే టపటపా కొట్టుకోవడం మొదలైంది. తర్వాత మెడ ఒక పక్కకు విసురుగా తిరిగేది. ఆ తర్వాత గొంతు చప్పుడు. వెక్కిరిస్తున్నానని మాస్టారు నన్ను వరండాలో నిలబెట్టేవారు. నాతో ఆడుకునే పిల్లలు నాలాగే మెడ తిప్పి నవ్వేవాళ్లు. అమ్మ ముందు బతిమాలింది, తర్వాత కొట్టింది, ఆ తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది. మంత్రాలు వేయించారు, మెడకు తాయెత్తు కట్టించారు. ఏడో తరగతికొచ్చేసరికి నేను బడి మానేశాను. అప్పుడు ఎవరో చెబితే నాన్న మమ్మల్ని పలాస తీసుకెళ్లాడు, పిల్లల డాక్టరమ్మ దగ్గరకు.

హైమవతి గారిది టెక్కలి. పొట్టిగా, కాస్త లావుగా ఉండేవారు. అద్దాలు ఎప్పుడూ ముక్కు చివరకు జారిపోయి ఉండేవి. అమ్మ కూర్చోకుండానే మొదలుపెట్టింది. "ఎంత సెప్పినా ఇనదు డాట్రమ్మా. కొట్టినా మానదు. ఏటి సెయ్యమంటారు?"

డాక్టరమ్మ అమ్మవైపు చూడలేదు. నావైపు కుర్చీ జరుపుకున్నారు.

"అది వచ్చేముందు నీకేటనిపిస్తాదమ్మా?"

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఆమె తొందరపెట్టలేదు. చివరకు చెప్పాను. "మెడ లోపల దురదలాగుంటాది. గోకడానికి అందదు. తల ఇసిరితే పోతాది. మళ్లీ వత్తాది."

ఆమె అద్దాలు పైకి తోసుకుని అప్పుడు అమ్మతో అన్నారు. "ఇన్నావా తల్లీ? నీకు తుమ్మొస్తే ఎంతసేపు ఆపుతావు? మీ పిల్ల రోజంతా అదే ఆపుకుంటూ కూకుంది. ఇది పొగరూ కాదు, దెయ్యమూ కాదు. మెదడు నుంచి వచ్చేది. టిక్స్ అంటారు." అమ్మ కొంగుతో నోరు నొక్కుకుంది. నాన్న వంగి, నా మెడలోని తాయెత్తు విప్పి జేబులో వేసుకున్నాడు.

ఆమె వైద్యం మొదలుపెట్టడంతో ఆగలేదు. ఒక ఆదివారం మా మాస్టారి ఇంటికే వచ్చి ఆయనతో మాట్లాడి వెళ్లారు. నేను మళ్లీ బడికి పోయాను. టిక్స్ పోలేదు. కానీ వరండాలో నిలబడటం పోయింది.

పెద్దయ్యాక సైకాలజీ చదువుకుని ఆమె దగ్గరే పనికి చేరినప్పుడు నాకు ఇంకో హైమవతి గారు కనిపించారు. ఏటేటా పరిశోధన నిధులకు అర్జీ పెట్టి, ఏటేటా కాదనిపించుకునే మనిషి. ఆమె కోరిక పెద్దదేమీ కాదు. ఉద్దానం బడుల్లో ఎంతమంది పిల్లలు ఇలా బాధపడుతున్నారో తెలుసుకోవాలి. మందులే కాకుండా, ఆ దురద వచ్చినప్పుడు దాన్ని దాటడానికి నేర్పే పద్ధతి మన పిల్లలకు, మన మాటల్లో ఎలా పనిచేస్తుందో చూడాలి. టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చేది, ఇది ప్రాణం తీసే జబ్బు కాదు కదా అని.

ఒకసారి నాకు కోపమొచ్చి, ఉద్దానానికి ఏ నిధులొచ్చినా కిడ్నీ జబ్బులకే పోతుంది, మనకేం మిగులుతుంది అన్నాను. ఆమె ముఖం మారిపోయింది. "ఆ మాట అనకు. డయాలసిస్ వరసలో మా తమ్ముడూ కూకుంటాడు. ఆళ్లది తగ్గించి మనకిమ్మని నేనెప్పుడూ అడగను. మనది ఏరేగా అడుగుదాం. ఎన్నిసార్లయినా అడుగుదాం." ఆమె తమ్ముడి సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడాది విశాఖలో నిధులిచ్చే నిపుణుల కమిటీ ముందు మాట్లాడమని పిలుపు వచ్చింది. పలాసలో రైలెక్కాక ఆమె అన్నారు, "నువ్వు మాట్లాడు." కంగారుపడితే నా టిక్స్ ఎక్కువవుతాయని ఆమెకు తెలుసు. ఆ మాటే అన్నాను. "వస్తే రానీ. ఆళ్లు కాయితాల మీద చూసిందే గానీ మనిషిలో చూడలేదు" అన్నారు.

అనుకున్నట్టే అయింది. రెండు మాటలు చెప్పానో లేదో మెడ విసురుగా తిరిగింది, గొంతు చప్పుడు చేసింది. ఒకాయన మొహమాటంగా బల్లకేసి చూశారు. ఒకావిడ మంచినీళ్లు ఇవ్వబోయారు. వద్దండి, నేను చెప్పడానికి వచ్చింది దీని గురించే అన్నాను. చివర్లో పెద్దాయన ఒకరు అడిగారు. "చాలామంది పిల్లలకు పెద్దయ్యేసరికి ఇది తగ్గుతుంది కదమ్మా. మరి ఇంత ఖర్చు ఎందుకు?"

"తగ్గుతుందండి. తగ్గేలోపు బడి అయిపోతుంది."

హైమవతి గారు నా పక్కన తల వంచుకుని ఉన్నారు. అద్దాలు తీసి తుడుచుకోవడం చూశాను.

ఆ ఏడాది నిధులు ఇవ్వలేదు. మరుసటి ఏడాది అడిగినదానికంటే తక్కువ ఇచ్చారు. అప్పటికి ఆమె రిటైరయ్యారు, గుండె జబ్బుతో ఎక్కువ తిరగలేకపోయేవారు. అయినా డొంకూరు బడిలో టీచర్ల తొలి శిక్షణకు వచ్చి, వెనక వరసలో కూర్చున్నారు. అయిపోయాక చేపల వేటకెళ్లే కుటుంబానికి చెందిన ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని ఆమె దగ్గరకొచ్చింది. "పిల్లకి ఈ ఊరి గాలి పడ్డంలేదనుకున్నాం డాట్రమ్మా. మా అమ్మోలింటికి పంపేద్దామని సూత్తన్నాం."

"ఎక్కడికీ పంపకు. ఈ బడిలోనే ఉండనీ. మీ టీచరుకి ఇప్పుడు తెలుసు" అన్నారామె. పక్కనున్న టీచరు ముందుకొచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు సుమ్మాదేవి ఊరు దాటాక, "ఇది నేను బతికుండగా జరగదనుకున్నానే" అన్నారామె. ఆ వర్షాకాలంలోనే ఆమె పోయారు.

శిక్షణ ఇప్పుడు చాలా ఊళ్లకు చేరింది. మానేసిన బడికి తిరిగొచ్చిన పిల్లలను పేరుపేరునా ఎరుగుదును. చేరని ఊళ్లు ఇంకా ఎక్కువే. ఈ ఉదయం బెంచీ మీద కూర్చున్న తల్లీపిల్లా అలాంటి ఊరి నుంచే వచ్చారు. వైద్యం పుస్తకాల్లోనూ నేర్చుకోవచ్చు. మన పిల్లల కోసం అడగడానికి సిగ్గుపడకూడదని, పక్కవాడి బాధను చిన్నచేసి అడగకూడదని మాత్రం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. వచ్చేవారం రెండో విడత నిధుల కోసం విశాఖ వెళ్తున్నాను. ఈసారి నాతో డొంకూరు టీచరు కూడా వస్తోంది, తను కూడా మాట్లాడతానంది.