పెనుకొండలో గెలిచిన ఇంగ్లండ్ జట్టు

కాకినాడవాణ్ణి, హిందూపురంలో పనుండి ధర్మవరంలో రైలెక్కాను. పుట్టపర్తిలో ఎక్కి నా ఎదుట కూర్చున్న ఇంగ్లండ్ పెద్దాయన, ఫోన్లో వాళ్ల ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్బు ఆట చూస్తున్నాడు. ఓడితే ఇంకా కింది డివిజన్‌కు పోతారట. ఒక బడి హాల్లో మొదలైన ఆ క్లబ్బు చరిత్ర నిండా ఓటములేనని ఎంతో గర్వంగా చెప్పాడు. కప్పు గెలిచింది ఒక్కసారేనట. ఆ రోజు ఆయన చెల్లెలి పెళ్లిలో ఉన్నాడట.

ఇదంతా నేను తెలుగులో చెబితే, పక్కనున్న హిందూపురం టైలర్ ఖాదర్ ఎగిరిపడ్డాడు. "ఇంగేం చూస్తాండావప్పా! ఈయప్ప చూస్తేనే ఓడిపోతాండారు. మా ఇంట్లో క్రికెట్ వస్తే మా నాయనను బయట కూచోబెడ్తాము. లేసి పొమ్మను."

మొహమాటపడుతూనే ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన, ఎదురు రైలు క్రాసింగ్ కోసం పెనుకొండలో రైలాగగానే ఫోన్ ఖాదర్ చేతిలో పెట్టి, ప్లాట్‌ఫాం మీద అటు తిరిగి నిలబడ్డాడు.

ఒక్క పాయింటుతో గెలిచారు! కేక విని పరిగెత్తుకొచ్చిన ఆయన్ను ఖాదర్ వాటేసుకుని, "వచ్చే ఏడు మొదట్నుంచీ చూడొద్దని చెప్పప్పా" అన్నాడు.

 ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పేలోగా పెద్దాయనే అడిగాడు, వచ్చే సీజనంతా ఉండడానికి పెనుకొండలో గది అద్దెకు దొరుకుతుందా అని.