నడుం మీద చెయ్యి

మొన్న మేడారం మొక్కు తీర్చడానికి బెల్లం కొనుక్కుందామని వరంగల్ బజారుకు పోయాం, నేనూ, మా అమ్మాయీ, ఇంకా రెండేళ్లు నిండని మనవరాలూ. అమ్మవార్లకు మనిషి ఎత్తు బెల్లం ఇస్తామని మొక్కుకోవడం మా దగ్గర మామూలే. దుకాణం ఆయన మా అమ్మాయిని కాంటా మీద నిలబెట్టి యాభై ఎనిమిది కిలోలన్నాడు. నేను డెబ్బై రెండు తూకం వెయ్యమన్నాను. ఆయన ఒకసారి మా అమ్మాయిని, ఒకసారి కాంటాను చూసి, "మా కాంటా తప్పు చెప్పదమ్మా" అని నొచ్చుకున్నాడు. "మీ కాంటాను ఎవరేమన్నరు? నేను మొక్కిన రోజు ఈమె డెబ్బై రెండున్నది" అన్నాను. మొక్కిన నాటి బరువా, తీర్చే నాటి బరువా అని ఆయనకూ పక్క దుకాణం ఆయనకూ చిన్న పంచాయితీ నడిచింది. మా అమ్మాయి మొదట నవ్వి, "నేను డెబ్బై రెండు ఎప్పుడున్ననే?" అని అడిగింది. తర్వాత తనకే గుర్తొచ్చింది. చంకలో ఉన్న పిల్లను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుని, "ఆ రోజు మొక్కినవా?" అంది. అవును, ఆ రోజే మొక్కాను. మొక్కేటప్పుడు మనిషికి లెక్కలు గుర్తుండవు. లోపల ఉన్న పిల్ల బరువు కూడా కలిపి మొక్కేశాను.

నేను హనుమకొండలో బ్లౌజులు కుట్టే మనిషిని. మనిషిని చూడగానే నాకు ముఖం కంటే ముందు కొలతలు కనిపిస్తాయి. నోటికి కూడా నాకు కొంచెం పేరుంది. పెళ్లికి ఒక్కరోజు ముందు బట్ట తెచ్చి రేపటికి కావాలన్న వాళ్లతో నేను మాట్లాడే తీరు చూడలేక మా ఆయన వెనక గదిలోకి పోయి రేడియో పెట్టుకునేవాడు. అట్లాంటి దాన్ని, మా అమ్మాయికి నెలలు నిండుతున్నకొద్దీ గాలి తీసిన ట్యూబులాగా అయిపోయాను. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా చెయ్యాలి. ఉన్నది ఒక్కతే బిడ్డ. జాకెట్టుకు ఒక చెయ్యి పొట్టిగా, ఒకటి పొడుగ్గా కుట్టి, ఏళ్ల తరబడి వచ్చే కస్టమర్ ముందు తలదించుకున్నాను. భయమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. షుగర్ పెరిగిందేమో అని చెప్పుకున్నాను.

అందుకే మా వియ్యపురాలు పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించి, గురువారం పొద్దున పది నలభై రెండుకు ఆపరేషన్ చేయిస్తే పిల్ల జాతకం బ్రహ్మాండంగా ఉంటుందని ఫోన్ చేసినప్పుడు, ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. నాకు జాతకం మీద అంత ఫికర్ లేదు. ఆపరేషన్ అంటే నొప్పులుండవు, నొప్పులు లేకపోతే ఆ కాన్పుల గది ఉండదు, అంతే నా లెక్క. ఒక ప్రైవేటు దవాఖానలో చెప్పి పెట్టుకున్నాం. మా అమ్మాయికి మాత్రం ఇష్టం లేదు. అప్పటికి నాలుగు నెలలుగా సర్కారు దవాఖానలో మిడ్‌వైఫ్ సిస్టర్ దగ్గరికి పోతోంది. మునుపు మంత్రసాని అనేవాళ్లే, కాకపోతే ఈమె నర్సింగ్ చదివి, కాన్పుల పని ప్రత్యేకంగా నేర్చుకుని వచ్చింది. ఆమె చెప్పిందని మా అమ్మాయి చాప మీద కూర్చుని మోకాళ్లు ఆడించేది, గుక్కగుక్కగా ఊపిరి తీసేది. "ఆపరేషన్ అవసరమైతే చేస్తరంట అమ్మా. అవసరం లేనిది ఎందుకు?" అని అడిగేది. జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను.

కడుపులో పిల్ల పంతులుగారి మాట వినలేదు. సోమవారం పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే మా అమ్మాయి గోడ పట్టుకుని నిలబడిపోయింది. అల్లుడు హైదరాబాదులో బస్సెక్కాడు. మా ఆయన పనిమీద డోర్నకల్ పోయి ఉన్నాడు. మా వీధి ఆటో అతన్ని పిలిచి, నేను ప్రైవేటు దవాఖాన పేరు చెప్పాను, మా అమ్మాయి సర్కారు దవాఖాన అంది. అతను అద్దంలో ఇద్దరినీ చూసి, నొప్పులు పడుతున్నది ఎవరో వాళ్ల మాటే విన్నాడు. నేను దిగేటప్పుడు అతని చెవిలో, గేటు దగ్గరే ఉండు, ఎటూ పోకు, అని చెప్పాను. బిడ్డను ఎట్లాగైనా అక్కణ్ణుంచి తీసుకుపోదామన్నదే నా ఆలోచన.

సిస్టర్ పొట్టి మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, నా లెక్కలో ముప్పై నాలుగు సైజు. మా అమ్మాయిని బరువు చూసి డెబ్బై రెండని రాసుకుంది, కడుపు మీద చెయ్యి వేసి చూసింది. డాక్టరమ్మ కూడా వచ్చి చూసిపోయింది. తర్వాత సిస్టర్ మా అమ్మాయిని ఒక పెద్ద నీలం రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి, ఇటూ అటూ ఊగమంది. నెలలు నిండిన పిల్లను బంతి మీద కూర్చోబెట్టడం నేను జన్మలో చూడలేదు. నన్ను కూడా లోపల ఉండమన్నారు, తోడుగా ఇంటి మనిషి ఒకరు ఉండొచ్చట. నేను గుమ్మం దాకా పోయాను. ఫినాయిల్ వాసన ముక్కుకు తగలగానే కాళ్లు ఆగిపోయాయి. నీళ్ల సీసా తెస్తానని బయటికి వచ్చేశాను. తర్వాత ఫోన్ వచ్చిందని వచ్చేశాను. తర్వాత చెప్పడానికి ఏ సాకూ దొరకలేదు, ఊరికే వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల మా అమ్మాయి మూలుగు వినపడిన ప్రతిసారీ కొంగు చెవులకు అడ్డం పెట్టుకున్నాను. కన్నతల్లిని, తలుపుకు ఈవల చెవులు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

పదకొండు దాటాక ఇక నా వల్ల కాలేదు. ప్రైవేటు దవాఖానకు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాను. లోపల ఇంకో నర్సును ఉంచి సిస్టర్ బయటికి రాగానే ఎదురుపోయి, "మా బిడ్డను తీస్కపోతం. గేటు కాడ ఆటో ఉన్నది. బంతుల మీద కూసోవెట్టి ఆటలాడుతాన్రా మీరు?" అని కస్టమర్ల మీద వాడే గొంతు తీశాను. ఆమె కూడా గొంతు పెంచితే నాకు పని సులువయ్యేది. ఆమె పెంచలేదు.

"తీస్కపోతనంటే ఆపను అమ్మా. మీ బిడ్డను అడుగుదాం, ఆమె సరే అంటే డాక్టరమ్మకు చెప్పి నేనే పంపిస్త" అంది. బెంచీ మీద నా పక్కనే కూర్చుంది. "ఒక్క మాట చెప్పుండ్రి. ఈమె మీకు ఎట్ల పుట్టింది?"

ఇరవై నాలుగేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అందరూ పిల్ల బరువు అడిగారు, నక్షత్రం అడిగారు, మొగపిల్లవాడి కోసం ఇంకోసారి చూడరా అని అడిగారు. ముందు కొంగు సర్దుకున్నాను. తర్వాత అంతా చెప్పేశాను. అది వేరే ఊరు, వేరే దవాఖాన, పేరు ఇప్పుడెందుకు. మా అమ్మను గుమ్మం దాటనియ్యలేదు. నన్ను ఇనుప బల్ల మీద పడుకోబెట్టారు. అరిస్తే ఆయా వచ్చి తొడ మీద కొట్టింది, నోటితో అనరాని మాట అంది, తలుపు దగ్గరికి వేసి పోయింది. మూలన నల్లా ఒకటి కారుతోంది. ఎంతసేపు పోయిందో తెలియదు. నేను చచ్చిపోతే ఎప్పటికో గానీ ఎవరూ చూడరని అనుకుంటూ ఆ తలుపు వైపే చూస్తూ ఉన్నాను. చివరికి ఎవరో వచ్చారు, బిడ్డ పుట్టింది, బతికాం. నొప్పి మరిచిపోయాను. ఆ తలుపును మరిచిపోలేదు. రెండో బిడ్డ మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. దేవుడు ఇయ్యలేదని మా ఆయన ఇప్పటికీ అనుకుంటాడు.

సిస్టర్ అయ్యో అనలేదు. "మీతోని అట్ల చేసుడు తప్పమ్మా. శానా తప్పు" అంది. అంతే. ఎవరో కుట్టు విప్పినట్టు నాకు ఏడుపు వచ్చేసింది. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. నా ఏడుపు తగ్గాక అంది, "మీ బిడ్డ మిమ్ముల మూడుసార్లు అడిగింది. అమ్మకు నా మీద కోపమొచ్చింది, అందుకే వస్తలేదు అంటాంది."

కోపమా! నా భయం దానికి కోపంలాగా కనిపించింది. ఆ మాట విన్నాక బెంచీ మీద ఎట్లా కూర్చుంటాను?

లోపలికి పోయాను. ధైర్యం వచ్చి పోలేదు. సిస్టర్ నా కోసం తలుపు బార్లా తెరిచి, కింద ఒక స్టూలు అడ్డం పెట్టి, మా అమ్మాయి చుట్టూ తెర లాగింది. "ఈ తలుపు పెట్టం. చూస్కోండ్రి" అంది. మా అమ్మాయి నన్ను చూసి ఏడుస్తూ నవ్వింది. మంచం పట్టీ పట్టుకుని ముందుకు వంగి ఉంది. సిస్టర్ చెయ్యి దాని నడుం మీద, కింది భాగంలో అదిమిపెట్టి ఉంది. నొప్పి వచ్చినప్పుడు అదుముతుంది, పోగానే వదులు చేస్తుంది, చెయ్యి మాత్రం తియ్యదు. నన్ను దగ్గరికి పిలిచి, "మీరు ఇస్త్రీ చేస్తరు కదా, మడత మీద ఎట్ల ఒత్తుతరు? గట్లనే" అంది. నా అరచెయ్యి తన చెయ్యి పక్కన పెట్టించుకుని, నాది సరిగ్గా కుదిరిందాకా తనది అక్కడే ఉంచి, "నాది తీస్తాన్న" అని చెప్పి మరీ తీసింది. మా అమ్మాయికి ఒక్క గడియ కూడా నడుం ఖాళీగా వదలలేదు. నేను ఇన్నేళ్లుగా ఎంతోమందికి పని నేర్పాను గానీ, పని చేతిలోకి అట్లా అందించడం నాకు తెలియదు.

ఒంటిగంట దాటాక అసలు భయం వచ్చింది. సిస్టర్ కడుపు మీద మిషన్ పెట్టి పిల్ల గుండె చప్పుడు వింటోంది. గుర్రం ఉరికినట్టు వినపడే చప్పుడు నెమ్మదించింది. ఆ తేడా నాకు కూడా తెలిసింది. నేను ఆమె ముఖం చూశాను.

"ఏం గాదని అబద్ధం చెప్పనమ్మా" అంది. "చప్పుడు జర తగ్గింది. ఎడమ పక్కకు తిప్పి చూద్దాం, పెరుగుతే మంచిదే. పెరగకుంటే డాక్టరమ్మ ఆపరేషన్ చేస్తది. నేను పిలిపిస్తాన్న. మీరు చెయ్యి తియ్యకుండ్రి."

పొద్దుటి నుంచి నేను కోరుకున్న ఆపరేషన్ అదే. అది నిజంగా గుమ్మం దాకా వచ్చేసరికి వద్దు, వద్దు అనుకున్నాను. డాక్టరమ్మ చెప్పుల చప్పుడు వరండాలో వినపడింది. బయటికి ఉరకాలనిపించింది, తలుపు తెరిచే ఉంది, ఎవరూ ఆపరు. మా అమ్మాయి, "అమ్మా, ఉన్నవా?" అంది. కళ్లు మూసుకునే అడిగింది. "ఉన్న బిడ్డా, ఇక్కడనే ఉన్న" అన్నాను. అప్పుడే, తల్లీ సమ్మక్కా, సారలమ్మా, నా బిడ్డ ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కాను. నా పక్కన సిస్టర్ పెదవులు కూడా కదులుతున్నాయి. ఆమె మెడలో చిన్న సిలువ ఉంది. ఎవరి దేవుణ్ణి వాళ్లం పిలుచుకుంటూ ఇద్దరం ఆ మిషన్ వైపే చూశాం. చప్పుడు మెల్లగా లేచింది. మళ్లీ ఉరకడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ విని, తల ఊపి, ఇంకాసేపు చూద్దామని అక్కడే నిలబడింది.

తర్వాత గంటలోపే అయిపోయింది. మా అమ్మాయి పక్కకు తిరిగి పడుకునే కనింది. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టలేదు, "ఊపిరి, ఊపిరి, మంచిగ చేస్తాన్నవ్ బిడ్డా" అన్న సిస్టర్ గొంతు తప్ప ఇంకో గొంతు లేదు. తడి తడిగా ఉన్న పిల్లను నేరుగా మా అమ్మాయి రొమ్ము మీద పెట్టింది. అది కేరుమని ఏడ్చింది. దానికంటే గట్టిగా నేను ఏడ్చాను. వరండాలోకి వచ్చి చూస్తే, పొద్దుటి నుంచి గేటు దగ్గర ఆగిన ఆటో అతను చేతులు కట్టుకుని నిలబడి, "పోదామా అమ్మా?" అని అడిగాడు. అతన్ని పూర్తిగా మరిచేపోయాను. మొదటి మిఠాయి అతనికే పెట్టాం. వియ్యపురాలు రెండురోజులు ముభావంగా ఉండి, పంతులుగారిని మళ్లీ అడిగితే సోమవారం ఘడియ ఇంకా గొప్పదని చెప్పాడట, శాంతించింది.

సిస్టర్ ఆ సాయంత్రం డ్యూటీ దిగి పోయింది. తర్వాత ఒకసారి జాకెట్టు కుట్టి తీసుకుపోయాను, కొలత తీయకుండానే. సరిగ్గా సరిపోయింది. ఈసారి కంటిచూపు తప్పలేదు.

ఇదంతా మొన్న బెల్లం బస్తాలు ఇంట్లో దింపాక మా అమ్మాయికి చెప్పాను, నా కాన్పు సంగతితో సహా. ఎన్నడూ చెప్పలేదు కదా, వింటూ వింటూ అది నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు అంది, "ఆనాడు నా నడుం మీద చెయ్యి ఒక్కసారి గూడ లేచినట్టు యాదికి లేదమ్మా. సిస్టర్ చెయ్యి ఎప్పుడు తీసిందో, నీది ఎప్పుడు వచ్చిందో నాకు తెల్వనే తెల్వదు. ఇప్పుడు తలుసుకుంటే పొద్దుటి నుంచి నువ్వే ఉన్నట్టనిపిస్తది."

ఆ మూసిన తలుపు వెనక మొదలైన నా కాన్పు, ఇరవై నాలుగేళ్లకు మా మనవరాలు పుట్టిన ఆ మధ్యాహ్నానికి గానీ పూర్తి కాలేదు.