నడిచి వచ్చిన గుర్రం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానలకు జోరీగలు ముసిరిన కాలం. నేను పెనుకొండలో పశువుల ఆసుపత్రి అటెండర్‌ని. చదివింది ఐదు వరకే, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

మస్తాన్ అనే ఆయన తన తెల్లగుర్రం చాందినిని తోలుకొచ్చాడు. హిందూపురం, ధర్మవరం పెండ్లిండ్లలో పెండ్లికొడుకులను ఊరేగించే గుర్రం. నెల రోజులుగా జ్వరం వస్తోంది, పోతోంది. పొట్ట కింద వాపు. ఎంత తిన్నా ఎముకలు తేలుతున్నాయి. డాక్టరమ్మ రక్తం చుక్కను స్లైడు మీద, అంటే చిన్న గాజుముక్క మీద వేసి మైక్రోస్కోపులో చూసింది. ఏమీ లేదు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఏమీ లేదు.

"పెండ్లికొడుకుల బరువు మోసి మోసి దానికి విసుగు పుట్టిండాదిలే మస్తానన్నా" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అది పోతే నేనూ పోయినట్లేబ్బా" అన్నాడు.

ఆ మాట నన్ను నిలవనియ్యలేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ గుర్రమే. మూడోరోజు పొద్దున డ్యూటీకి పోతూ బండిని వాళ్ళింటి వైపు తిప్పాను. చాందిని పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, వెనక కాళ్ళు లేవడం లేదు.

"ఇట్లుంటే ఆస్పత్రికి యాల తోలుకురాలేదన్నా?"

"లేస్తే కదా తోలుకొచ్చేది! నువ్వేమన్నా ఎత్తుకొని పోతావా? లేచి నడిచిన పొద్దే తోలుకొస్తాండా."

నాకప్పుడు తట్టింది. మేము చూసిన రెండుసార్లూ అది బాగున్న రోజులే! డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె పుట్టపర్తి మీటింగుకు బయలుదేరుతోంది.

"రక్తం ట్యూబులోకి తీసుకొని బిరీన రా. కొంచేపు ఆగుతా" అంది.

బండి పెట్టెలో ఎప్పుడూ ఉండే సూది, ట్యూబుతో రక్తం తీసుకొని ఆసుపత్రికి బయలుదేరాను. దారిలో గొర్రెల మంద అడ్డం. హారన్ మీద హారన్ కొట్టాను.

"ఏమబ్బా, గొర్రెలకు రెక్కలుండాయా ఎగిరిపోయేకి?" అన్నాడు కాపరి.

డాక్టరమ్మ ఆ రక్తం చుక్కను స్లైడు మీద వేసి మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. తల ఎత్తి "నువ్వూ చూడు" అంది. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను అందులో చూడడం అదే మొదలు. రక్తకణాలను అటూ ఇటూ నెడుతూ సన్నటి పురుగుల్లాంటివి గిలగిల కొట్టుకుంటున్నాయి. ఒక్క క్షణం నిలకడ లేదు.

"పురుగులు కాదప్పా. ఒక్కోటీ ఒక్క కణమే. కొరడా మాదిరి ఆడిస్తోందే, దాన్ని ఫ్లాజెల్లమ్ అంటారు. దాంతోనే ఈదుతుంది. జోరీగ కుడితే వస్తుంది, జబ్బు పేరు సర్రా. జ్వరం ఎక్కిన రోజు రక్తంలో ఇట్లా నిండుతుంది. తగ్గిన రోజు వెదికినా దొరకదు."

మీటింగు మానుకొని ఆమే ఇంజెక్షన్ తీసుకొని మస్తాన్ ఇంటికి వచ్చింది. నాలుగు రోజులకు చాందిని లేచింది. వెనక కాళ్ళలో మునుపటి బలం మాత్రం రాలేదు. మొదటిసారి తోలుకొచ్చినప్పుడే కనుక్కొని ఉంటే వచ్చేదేమో.

ఆసుపత్రి దాకా నడవగలిగిన పశువునే మేము చూస్తాం. నడవలేనిది ఇంట్లోనే పడి ఉంటుంది. అందుకే ఇప్పుడు ఎవరు పశువును తోలుకొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: "ఇది లేయలేకపోయింది ఏ పొద్దు?"