శనివారం మిగిలిన మాత్రలు

జూన్ రెండో సోమవారం ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు మా కోడలు మళ్ళీ చదువుకోవడానికి గడప దాటింది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. గడియారం చూసి రాసుకున్నాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. మా ఇల్లు తమిళనాడు సరిహద్దులోని జూజువాడిలో, లారీలు ఆగే చోటికి రెండు వీధులు లోపల. అక్కడి నుంచి హోసూరు బస్టాండుకు ఒక బస్సు, హోసూరు నుంచి కృష్ణగిరికి ఇంకో బస్సు. తొమ్మిదింటికి క్లాసు.

హోసూరులో ఒక ఆసుపత్రిలో పదిహేనేళ్ళు నర్సుగా చేసింది. డిప్లొమాతో చేరి, మధ్యలో రెండేళ్ళు చదివి బి.ఎస్సీ. తెచ్చుకుంది. ఇప్పుడు ఎం.ఎస్సీ. నర్సింగ్. ఇంకా ఎందుకమ్మా అని అడిగితే, "వార్డులో అంతా ముదిరినాకే వస్తారు అత్తా. ముదరకముందే ఊర్లలో ఏం చేయల్లో నేర్చుకుంటాను" అంది. వచ్చే బ్యాచ్‌కి తమ దగ్గరే ట్యూటర్‌గా తీసుకుంటామని ఆమె చదివే కాలేజీవాళ్ళు మాట ఇచ్చారు. థీసిస్ గడువులోపల ఇస్తేనే ఆ మాట. గడువు దాటితే ఆరు నెలలు ఆగాలి, ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి పోతుంది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు పాల కేంద్రంలో పాలు కొలిచి రాసినదాన్ని. లీటరుకు పావు గ్లాసు తేడా వచ్చినా క్యాను తిరిగి కొలిపించేదాన్ని. మా కోడలు పాఠం చెప్పడం సాధన చేయాల్సి వచ్చినప్పుడు శిష్యురాలిగా నన్నే కూర్చోబెట్టింది. నలభై నిమిషాల పాఠం. కాళ్ళ పుండ్లను ఎలా కడగాలో చెప్పి ముగించేసరికి గడియారం చూశాను.

"మూడు నిమిషాలు ఎక్కువైందమ్మా."

"పాఠం ఎట్లుందో చెప్పత్తా!"

"బాగుండాది. మూడు నిమిషాలు తగ్గిస్తే ఇంకా బాగుంటాది."

"మా గైడ్ మేడమే నయం నీకన్నా" అని పుస్తకం మూసి నవ్వింది. గైడ్ మేడం అంటే ఆమె థీసిస్‌ను చూసే లెక్చరర్. ఆ రెండేళ్ళూ ఇల్లు అలాగే సందడిగా గడిచింది. ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే నా కొడుకు ఉప్మా చేయడం నేర్చుకున్నాడు. మొదటి నెలలో ఏడుసార్లు ఉండలు కట్టింది, తర్వాత ఒక్కసారీ కట్టలేదు.

థీసిస్‌కు ఆమె ఎంచుకున్న విషయం, షుగరు ఉన్న ఆడవాళ్ళు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా లేదా అన్నది. అంచెట్టి వైపు కొండ ఊళ్ళలో తెలుగు మాట్లాడే అరవైమందిని కలిసి, ఫారాలు నింపుకుని వచ్చింది. దాదాపు అందరూ రోజూ వేసుకుంటున్నామనే చెప్పారు. గైడ్ మేడం సంతోషించింది. ఇక రాయడమే మిగిలింది.

ఏప్రిల్ ముప్పై సాయంత్రం ఖాళీ ఫారం ఒకటి బల్ల మీద ఉంటే, నాకూ షుగరు ఉంది కదా అని సరదాగా నింపాను. పదకొండో ప్రశ్న: మాత్ర రోజూ వేసుకుంటున్నారా? అవును అని టిక్కు పెట్టాను. తర్వాత ప్రతి నెలాఖరులాగే మందుల డబ్బా తీసి లెక్క చూశాను. ఒకటో తేదీన డబ్బాలో ఉన్నవి ముప్పై. రోజుకొకటి. డబ్బాలో ఒక్కటి కూడా ఉండకూడదు. నాలుగున్నాయి.

రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పుడు తెలిసింది. ఆ నెలలో శనివారాలు నాలుగు. శనివారం నాకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినను. తిండి లేని రోజు మాత్ర ఎందుకని వేసుకోను. నలభై ఒక్క ఏళ్ళుగా ఉన్న ఒక్కపొద్దు కాబట్టి, అది మాత్ర మానేసిన రోజని నాకు ఏనాడూ తోచలేదు. ప్రతి నెలా మిగిలినవి పోను తక్కువవే కొని, ముప్పై చేసి డబ్బాలో పోస్తూ వచ్చాను. లెక్క తప్పనని పేరున్న నేను, నా చేత్తో అబద్ధం మీద టిక్కు పెట్టాను.

ఆ అరవైమందిలో ఎక్కువమంది తిరుపతి వెంకన్నకు మొక్కుకునేవాళ్ళే. చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. గడువుకు ఇరవై మూడు రోజులుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ తేడా కనబడ్డాక క్యాను తిరిగి కొలవకుండా నేను ఏనాడూ పంపలేదు. మరుసటి రోజు టిఫిను దగ్గర నాలుగు మాత్రలూ ఆమె పళ్ళెం పక్కన పెట్టాను.

"ఏందత్తా ఇవి?"

"శనివారాలు."

అర్థం కావడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు. దోసె ముక్క చేతిలోనే ఉండిపోయింది. "ఇంట్లో నర్సును పెట్టుకోని నువ్వు శనివారం మాత్ర ఏసుకోవా?"

"ఒక్కపొద్దమ్మా."

"నన్ను అడిగితే కదా! డాక్టర్ని అడిగితే కదా!" అని అరిచి, మళ్ళీ తనే, "నేనూ అడగలేదు కదత్తా, అరవైమందిలో ఒక్కర్నీ" అంది.

ఆ రోజే గైడ్ మేడం ఇంటికి వెళ్ళి అంతా చెప్పింది. మేడం ఫారాలు పక్కకు తోసి, "టిక్కులు చాలవమ్మా. అవే ఇళ్ళకు మళ్ళీ పో. మిగిలిన మాత్రలు లెక్కపెట్టి రా. మళ్ళీ పోయేదానికి కాలేజీ కమిటీ అనుమతి నేను చూస్తాను. గడువు మాత్రం మారదు" అంది. అనుమతి వచ్చేసరికి ఆరు రోజులు పోయాయి. రాయడానికి ఎనిమిది రోజులు తీసేస్తే తిరగడానికి తొమ్మిది. రోజుకు ఏడు ఇళ్ళు చూడాలి. ఆ వైపు బస్సులు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. నేనూ వస్తానన్నాను. లెక్కపెట్టే పని కదా.

మొదటి రోజు పొద్దున రెండు ఇళ్ళు తిరిగినా పని కాలేదు. మాత్రలు చూపించమంటే ఒకామె పశువుల కొట్టంలోకి పోయి తిరిగి రాలేదు. ఇంకొకామె, నా ఈడుదే, మా ఊరూ వరసా అడిగి తెలుసుకుని, గడప మీద కూర్చుని మా కోడలితో గొడవకు దిగింది.

"అపుడే చెప్పినాను కదా నర్సమ్మా, రోజూ ఏసుకుంటాననీ. లెక్కపెట్టేదానికి నేనేమన్నా దొంగనా?"

నాకు వేరే ఉపాయం తోచలేదు. సంచిలోంచి నా నాలుగు మాత్రలు తీసి ఆమె ఒడిలో పెట్టాను.

"ఇవి నావి అక్కా. నేనూ రోజూ ఏసుకుంటాననే రాసినాను. మిగిలిపోయినాయి."

ఆమె మాత్రల వైపు చూసి, నా వైపు చూసి, "నీదీ శనివారమేనా?" అంది.

"శనివారమే."

"మీ కోడలు నర్సు కదా, చెప్పలేదా నీకు?"

"నేను యాడ చెప్పనిచ్చినాను?"

ఆమె పడీపడీ నవ్వింది. లోపలికి పోయి రాగుల డబ్బా తెచ్చి మా ముందే బోర్లించింది. రాగుల మధ్య నుంచి తొమ్మిది మాత్రలు బయటపడ్డాయి. "నాకు సోమారం కూడా ఉండాది" అంది గొప్పగా. తర్వాత పక్కింటికి వినబడేలా కేక వేసింది: "రాండమ్మా, సిగ్గుపడొద్దండి! జూజువాడి అక్కదీ మిగిలిపోయినాది!"

ఆ కేక తర్వాత పని పరుగెత్తింది. మేము గడపెక్కకముందే డబ్బాలు అరుగు మీదికి వచ్చేవి. నేను లెక్కపెట్టి చెప్పేదాన్ని, కోడలు రాసుకునేది. ఒక్కపొద్దు మానమని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మాత్ర ఎలాగో డాక్టర్ని అడగమని, అడగాల్సిన మాట చీటీ మీద రాసిచ్చింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం బస్సుకు ఇరవై నిమిషాల ముందు అరవయ్యో ఇల్లు పూర్తయింది. ఎంతమంది దగ్గర ఎన్ని మిగిలాయో ఆమె థీసిస్‌లో ఉంది. ఆ అంకెలు ఆమెవి, నేను ఇక్కడ రాయను.

మే ఇరవై మూడున మధ్యాహ్నం మూడుంబావుకు థీసిస్ ఇచ్చింది. జూలైలో వైవా, అంటే నోటి పరీక్ష. మొదటి అరవై ఫారాలు ఎందుకు పక్కన పెట్టారని బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు అడిగిందట. "మా అత్త లెక్క కుదరలేదు మేడం" అని మా కోడలు చెప్పిందట. ఆవిడ నవ్వి, తన సొంత అత్తగారి గురించి పది నిమిషాలు మాట్లాడిందట. మా కోడలు పాసైంది. ఆగస్టు మొదటి సోమవారం నుంచి ట్యూటర్. ఆమె మొదటి క్లాసు సరిగ్గా నలభై నిమిషాలకు ముగిసింది. అడిగి తెలుసుకున్నాను.

పోయినవి: నింపిన ఫారాలు అరవై. అంచెట్టి రాళ్ళ దారిలో తెగిన చెప్పులు రెండు జతలు. బస్సులో మరిచిన గొడుగు ఒకటి. కోడలి బరువు మూడు కిలోలు, నాది ఒకటిన్నర. డాక్టరు మాట ప్రకారం రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకున్నందువల్ల, నా శనివారం ఒక్కపొద్దులు, ఈ రోజుకు పదిహేడు.