ఖాళీ సీసా మీద బోనం

ఆబ్కారీ శాఖలో నా చివరి పోస్టింగు శంషాబాద్. హోదా ఇన్‌స్పెక్టర్. కొత్త మందు అమ్మకానికి రావాలంటే దాని లేబుల్‌కు పైఆఫీసు అనుమతి ఉండాలి. కింద మేము బొమ్మ చూసి, విచారించి, అభిప్రాయం రాసి పంపాలి. ఆల్కహాల్ శాతం, పరిమాణం, హెచ్చరిక సరిగ్గా ఉన్నాయా, దేవుళ్ల బొమ్మలూ పిల్లల్ని లాగే బొమ్మలూ లేవు కదా అని చూసేవాళ్లం.

ప్లాట్ల వ్యాపారం నుంచి బ్రాందీలోకి దిగిన ఒకాయన ఓ లేబుల్ తెచ్చాడు. దాని మీద తలపై అమ్మవారి బోనం కుండ ఎత్తుకొని నవ్వుతున్న ఆడమనిషి ఫొటో. "ఎయిర్‌పోర్టుల దిగినోళ్లకు మన తెలంగాణ కనవడాలె సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మందు సీసా మీద బోనమేమిటయ్యా అన్నాను. ఆయన తడుముకోలేదు.

"అమ్మోరికి సాక పోస్తలేమా? కల్లు పోస్తే లేని తప్పు బొమ్మకేంది సార్?"

 నిజం చెప్పొద్దూ, బోనాలప్పుడు అమ్మవారి ముందు నేల మీద కల్లు సాక మా ఇంట్లోనూ పోస్తారు. బొమ్మలో అమ్మవారు లేదు, కుండే ఉంది. కుండను దేవత అని రాస్తే, ఏ నిబంధన కింద అని పైవాళ్లు ఫైలు నా మొహాన కొడతారు. ఎటూ తేల్చుకోలేక బల్ల మీదే ఉంచాను.

అది చూసి మా కానిస్టేబుల్ గతుక్కుమన్నాడు. అతనిది పక్కనే ఉన్న పాల్మాకుల ఊరు. "అయ్యో, గీమె మా యాదమ్మక్క గదా సార్!"

బతికున్న మనిషి ఫొటో వాడితే ఆ మనిషి ఒప్పుకున్నదీ లేనిదీ కనుక్కోవడం మా పద్ధతి. ఆమెనూ బ్రాందీ యజమానినీ పిలిపించాను.

యాదమ్మ ఒక వైన్ షాపు పక్కన, కొన్నవాళ్లు కూర్చుని తాగే పర్మిట్ రూము ఊడుస్తుంది. క్యాలెండర్ కోసమని చెప్పి ఆ ఫొటో తీశారట. లేబుల్ చేతికిస్తే చాలాసేపు చూసింది. యజమాని మళ్లీ సాక మాటే ఎత్తాడు.

"సాక నేను గూడ పోస్త అన్నా. గది అమ్మోరి ముంగట భూమి తాగుతది. గీ సీసలు తాగినంక యాడ పడ్తయో నీకెరుకేనా? టేబుల్ల కింద, ఉమ్మిల, కక్కినదాంట్ల. పొద్దుగాల ఏరేది నేను. రేపు నా మొహాన్ని నేనే ఊడ్సుకోవాల్నా?"

గొంతు కూడా పెంచలేదు ఆమె. 

యజమాని తల గోక్కుని, "మొహం మార్పిస్త తియ్యక్కా" అన్నాడు.

"మార్చి ఎవల్ది పెడ్తవ్? మీ ఇంటామెది పెడ్తవా?"

 ఆయన లేబుల్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ద్రాక్షగుత్తి బొమ్మతో ఇంకోటి తెచ్చాడు, అనుమతి వచ్చింది. ఆ సీసాలనూ యాదమ్మే ఏరి ఉంటుంది.

మా నిబంధనలన్నీ నిండు సీసాను చూసి రాసినవి. ఆ తర్వాత నా ముందుకొచ్చిన ప్రతి లేబుల్‌నూ, తాగి పారేసిన సీసా మీద ఉన్నట్టు ఊహించుకుని చూశాకే సంతకం పెట్టాను.