మా తోడికోడలి కుడిచెయ్యి

మా చిన్న తోడికోడలికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పటి నుంచి నేను ప్రతి గురువారం ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరుకు పోయేదాన్ని. వాళ్ళది మగ్గం మీద బతికే ఇల్లు. మగ్గం తాడు లాగాల్సింది ఆ చేత్తోనే. డాక్టరు చెప్పిన వ్యాయామాలు మరిది దగ్గరుండి చేయిస్తుంటే, దేవుడితో మాట్లాడే పని నేను మీదేసుకున్నాను. ఉపవాసముండి పోయి, ఆ చేతికి నూనె రాసి, గొంతెత్తి ప్రార్థన చేసేదాన్ని. వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. ఆగారా లేదా అని ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. ఇది రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

మా చర్చి సంఘంలో ఎవరికైనా మేలు జరిగితే, దానికోసం ప్రార్థించినవాళ్ళు కూడా ఆదివారం లేచి సాక్ష్యం చెప్తారు. ఎవరి సాక్ష్యానికి "స్తోత్రం" గట్టిగా వినపడిందో మాకందరికీ గుర్తుంటుంది. నా సాక్ష్యం ఆమె చిటికెనవేలు కదలకముందే తయారైపోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కొంగుతో కళ్ళొత్తుకోవాలో బస్సులో కూర్చుని మనసులోనే సాధన చేసేదాన్ని. నెలలు గడిచినా ఒక్క వారం కూడా మానలేదు. అందరూ నా విశ్వాసం గొప్పదన్నారు. నేనూ నమ్మాను.

మొన్న గురువారం సందు మలుపులోనే మగ్గం చప్పుడు వినిపించింది. మరిది నేస్తున్నాడనుకున్నాను. లోపలికి పోతే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని ఆమె కూర్చుని ఉంది. మెల్లగా, మధ్యమధ్యలో ఆగుతూ, కుడిచేత్తో తాడు లాగుతోంది. అక్కడికక్కడే చేతులెత్తి దేవుణ్ణి స్తుతించాలి కదా! నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట వేరే.

"ఎవురొచ్చి ప్రార్థన సేసినారే?"

ఆ ఊళ్ళో ఎవరో కొత్తగా, రోగాలు నయం కావాలని ప్రార్థించే స్వస్థత కూడికలు పెడుతున్నారని విన్నాను. నేను లేని రోజు చూసి వాళ్ళు ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పోయారని కడుపు మండింది. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ చెప్పి ఎందరినో ఎగతాళి చేశాను. ఆ ముసలమ్మ నాకంటే నయం. కనీసం తెల్లారినందుకు ఆమె ఏడ్చి ఉండదు.

"ఎవురూ రాలేదక్కా. ఈ నాలుగు దినాలుగా కొంచెం కొంచెం లాగుతాండా. నువ్వొస్తే సూపిద్దామని ఫోన్లో సెప్పలే," అంది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "నేనే ప్రార్థన సేసుకుంటాంటి," అంది.

"సెయ్యి బాగుకావాలనేనా?"

"నీకోసమక్కా. నువ్వు బస్సు దిగి, మోకాళ్ళు పట్టుకోని నడిసొస్తాంటే కిటికీలోంచి సూస్తాంటి. నాకు బాగైతే మా అక్కకు ఈ తిరుగుడు తప్పుతాది, ఆమె మొకం సూసైనా బాగుసెయ్యి ప్రభువా అని పొద్దునా సాయంత్రం అడుగుతాంటి."

ఇన్ని నెలలూ నేను చూసింది ఆమె చేతిని. అది లేస్తే నాకొచ్చే పేరును. ఆ చెయ్యి ఉన్న మనిషిని ఒక్కనాడూ చూడలేదు. చాప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె మగ్గం గుంతలోంచి లేచి వచ్చి నా ముఖం తుడిచింది. పెరట్లో ఉన్న మరిదిని కేకేసి పిలిచింది.

"సూడు, మా అక్కకెంత సంతోషమో!" అంది.

నేను కొంగుతో కళ్ళొత్తుకుంటూ అవునన్నట్టు తలూపాను.